స్వయం నిర్ణయ హక్కు మీద ఆన్‌లైన్ కోర్సు: పాఠాలు బాగున్నాయి, క్విజ్ దండగ

అంతర్జాతీయ చట్టంలో ప్రజల స్వయం నిర్ణయ హక్కు (ఒక ప్రజ తన రాజకీయ భవిష్యత్తును తానే తేల్చుకునే హక్కు) మీద ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సు ఒకటి పూర్తి చేశాను. డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెప్తుంటాను. సెర్బియా నుంచి విడిపోయామని ప్రకటించుకున్న కొసావో పేరెత్తిన ప్రతిసారీ "వాళ్లకు కుదిరింది మిగతావాళ్లకెందుకు కుదరదు సార్?" అని ఎవరో ఒకరు లేస్తారు. పాఠ్యపుస్తకంలో దానికి రెండు పేరాలకు మించి ఉండదు. అందుకే చేరాను. ఐదుకు మూడున్నర స్టార్లు ఇస్తున్నాను, అవన్నీ పాఠాలకే.

మొదటి రెండు వారాలు చప్పగా నడుస్తాయి. అమెరికా అధ్యక్షుడు విల్సన్, లెనిన్, 1945 ఐక్యరాజ్యసమితి చార్టర్ మొదటి అధికరణం, ఇవన్నీ ఎక్కడైనా దొరికేవే. ఆలండ్ దీవుల పాఠం మాత్రం వదలొద్దు. స్వీడిష్ మాట్లాడే ఆ దీవులవాళ్లు స్వీడన్‌లో కలుస్తామన్నారు. 1921లో నానాజాతి సమితి దీవులు ఫిన్లాండ్‌వే అని తేల్చి, భాషకూ స్థానిక పాలనకూ హామీలు ఇప్పించింది. ఆ స్వయంపాలన ఈనాటికీ నడుస్తోంది.

మూడో వారం నుంచి పాఠం చెప్పే మనిషి మారతారు, కోర్సూ మారుతుంది. ఏ కేసైనా సరే, ఈవిడ కోర్టు ఏమందో చెప్పే ముందు కోర్టును ఏమడిగారో స్క్రీన్ మీద పెట్టి రెండు మూడుసార్లు చదివిస్తారు. మొదట్లో విసుగొచ్చింది. కొసావో దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చదివిస్తున్నారో తెలిసింది. 2008 నాటి స్వాతంత్ర్య ప్రకటన అంతర్జాతీయ చట్టానికి లోబడి ఉందా అన్నదొక్కటే అక్కడి ప్రశ్న. 2010 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం పది మంది ఒకవైపు, నలుగురు ఇంకోవైపు ఉండగా ఆ ప్రకటన చట్టాన్ని ఉల్లంఘించలేదంది. విడిపోయే హక్కు ఉందా లేదా అన్నది తమను ఎవరూ అడగలేదు కాబట్టి ఆ జోలికే వెళ్లలేదు. టీవీ చర్చల్లో మాత్రం అందరూ ఆ హక్కు వచ్చేసినట్టే మాట్లాడతారు!

తూర్పు తైమూర్ కేసు ఇంకా విచిత్రం. అది పోర్చుగల్ పాత వలస, తర్వాత ఇండోనేషియా ఆక్రమించుకుంది. అక్కడి సముద్రం మీద ఇండోనేషియాతో ఒప్పందం చేసుకున్న ఆస్ట్రేలియాను పోర్చుగల్ ఇదే కోర్టుకు లాగింది. 1995లో కోర్టు, స్వయం నిర్ణయ హక్కు దేశాలన్నీ గౌరవించి తీరాల్సిన హక్కేనని ఒప్పుకుంది. ఇండోనేషియా మాత్రం కేసులో లేదు కాబట్టి తీర్పు చెప్పలేమంది. ఆ జనానికి దారి దొరికింది 1999 రెఫరెండంలో, 78.5 శాతం ఓట్లతో. 2002లో దేశమైంది.

హిందూ మహాసముద్రంలోని ఛాగోస్ దీవుల పాఠం కోర్సు మొత్తానికీ తలమానికం. 1968లో మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇచ్చే ముందే, 1965లో, బ్రిటన్ ఆ దీవుల్ని విడగొట్టి తన దగ్గరే ఉంచుకుంది. వాటిలో ఒకటైన డియెగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం అక్కడి జనాన్ని ఖాళీ చేయించింది. 2019లో కోర్టు, మారిషస్ వలస విముక్తి చట్టబద్ధంగా పూర్తి కాలేదని 13-1తో చెప్పింది. ఇక్కడా టీచర్ ప్రశ్న దగ్గరే ఆపారు. దీవుల నుంచి పంపేసిన వాళ్లు ఆ ప్రశ్నలో మారిషస్ పౌరులుగానే కనిపిస్తారు, విడిగా ఒక ప్రజగా కాదు. మరి ఎవరి హక్కు గురించి మాట్లాడుకుంటున్నట్టు? ఆవిడ జవాబు చెప్పకుండా వీడియో ముగించేశారు. నాకైతే ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

మా పిల్లల ప్రశ్నకు పనికొచ్చింది మాత్రం కెనడా సుప్రీంకోర్టు 1998లో, క్యూబెక్ ప్రావిన్స్ దేశం నుంచి విడిపోవచ్చా అన్నదాని మీద ఇచ్చిన అభిప్రాయం. మామూలుగా ఈ హక్కు, ఆ ప్రజలు ఇప్పుడున్న దేశం లోపలే తీరాలి. వలస పాలనలో ఉన్నవాళ్లకు, పరాయి ఆక్రమణలో ఉన్నవాళ్లకు బయటికి వెళ్లే హక్కుంది. దేశం లోపల ఆ హక్కుకు దారి పూర్తిగా మూసేస్తే ఏంటన్నది కోర్టు తేల్చలేదు, క్యూబెక్‌కు అది వర్తించదని వదిలేసింది. అయితే స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే మిగతా కెనడా కూర్చుని మాట్లాడాల్సిందేనంది. ఈ రీడింగ్ ప్రింట్ తీసుకున్నాను.

ఇక క్విజ్. "కొసావో కేసులో కోర్టు వేర్పాటు హక్కును గుర్తించింది: అవునా, కాదా?" అని అడిగారు. కాదు అని పెడితే తప్పు అని ఎర్రగా వచ్చింది! పాఠంలో అరగంట చెప్పిందానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. సపోర్ట్‌కు తీర్పు పేరాతో సహా రాస్తే "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని జవాబు. ఆ వారం ఒక్కటి తప్పినా క్విజ్ పాసైనట్టు లెక్కేయరు, కాబట్టి సర్టిఫికెట్ కావాలంటే తెలిసి తెలిసి తప్పు టిక్ చేయాలి. చేశాను.

ఇంకో లోటు: మానవ హక్కుల మీద ఐక్యరాజ్యసమితి తెచ్చిన 1966 ఒడంబడికలు రెండింటిలోనూ మొదటి అధికరణం ఇదే హక్కు. దాన్ని చదివించారు గానీ, దేశాలు పెట్టుకున్న షరతుల మాట ఎత్తలేదు. 1979లో చేరేటప్పుడు భారత్, ఈ హక్కు విదేశీ పెత్తనం కింద ఉన్న ప్రజలకే వర్తిస్తుందని ప్రకటించింది. ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ దానికి అభ్యంతరం చెప్పాయి. పావుగంట కేటాయిస్తే ఎంత బాగుండేది! దాని బదులు చివరి వారమంతా అంతకు ముందు చెప్పిందే మళ్లీ చెప్పారు.

చేరేవాళ్లు మొదటి రెండు వారాలు స్పీడ్ పెంచుకుని చూసేయండి, ఆలండ్ దగ్గర మాత్రం తగ్గించండి. సబ్‌టైటిల్స్ ఆటోమేటిక్‌వి, లాటిన్ మాట వచ్చినప్పుడల్లా ఏదేదో రాస్తాయి, వాటిని ఆపేసుకోవడమే మేలు. సర్టిఫికెట్ అవసరం లేకపోతే క్విజ్ ముట్టుకోకండి, వీడియోలు అది లేకుండానే తెరుచుకుంటాయి.