కౌన్సెలరా, క్లాసు మాస్టారా, ఫోను నంబరా: మన సరిహద్దు పిల్లలకు ఏది మేలు?

మెట్రిక్ పరీక్షలు దగ్గరపడే కొద్దీ ఒడిశాలోని బరంపురంలో మా వీధి తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. పిల్లవాడు సరిగ్గా తినడం లేదు, ఎవరితోనూ కలవడం లేదు, పుస్తకం ముందు కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. బడికి వారానికొకసారి వచ్చే కౌన్సెలర్‌కు చూపించాలా, క్లాసు మాస్టారికి చెప్పుకోవాలా, లేక ప్రభుత్వం వారు ఇచ్చిన ఆ నంబరుకు ఫోను చేయాలా? పోయిన నెల పర్లాకిమిడి నుంచి మా పిన్ని కూతురు కూడా ఇదే అడిగింది. ఒడియా మాధ్యమ పాఠశాలలో తొమ్మిది, పది తరగతులకు ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నవాడిగా, ఒక్కొక్కరికి విడివిడిగా చెబుతూ వచ్చినది ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. పిల్లవాడు చావు మాట ఎత్తినా, ఒంటికి గాయం చేసుకున్నా ఏది మేలు అని బేరీజు వేసుకుంటూ కూర్చోవలసిన పని లేదు. వాణ్ణి ఒంటరిగా వదలకుండా, ఇంట్లో పురుగుమందులూ మాత్రలూ చేతికి అందకుండా తీసేసి, ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పోలీసు కేసవుతుందన్న భయంతో దాచిపెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి గానీ, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి, వేరుగా రుజువైతే తప్ప, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగానే పరిగణించాలి, శిక్షించకూడదు. కింద రాసినదంతా అంత దూరం రాని దిగులు గురించి.

అలాంటి దిగులు అరుదేమీ కాదు. 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు తేలింది. అరవై మంది కూర్చునే మా పదో తరగతి గదికి ఆ లెక్క కడితే నలుగురు వస్తారు.

కౌన్సెలర్ సంగతి చూద్దాం. విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో ఇచ్చిన తీర్పు, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒకరైనా ఉండాలని, అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలని చెప్పింది. కౌన్సెలర్‌కు ఉన్న బలం శిక్షణ. పరీక్ష భయానికీ, వారాల తరబడి వదలని కుంగుబాటుకూ తేడా పట్టగలిగేది వారే. మాలాంటి లెక్కల మాస్టర్లకు రెండూ సోమరితనంలాగే కనిపిస్తాయి. అయితే నేను చూసిన బడుల్లో వారు వచ్చేది వారానికొక రోజు, కూర్చునేది హెడ్మాస్టారి గది పక్కన. లోపలికి ఎవరు వెళ్లారో మధ్యాహ్న భోజనం వేళకు బడి మొత్తానికి తెలిసిపోతుంది. మా ఊళ్లోనే ఒక ప్రైవేటు పాఠశాలలో కౌన్సెలర్ రాసుకున్న విషయాలను తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించారు. ఆ తర్వాత ఆ గది గడప తొక్కిన పిల్లవాడు లేడు.

ఇవన్నీ సరిదిద్దుకోగలిగినవే. నా దృష్టిలో అసలు సంగతి భాష. మన పిల్లలు చదివేది ఒడియాలో, ఇంట్లో మాట్లాడేది తెలుగులో. నిన్నటి మ్యాచ్ గురించో హోంవర్కు గురించో అడిగితే ఏ భాషలోనైనా గలగలా చెబుతారు గానీ, లోపలి బాధ దగ్గరికి వచ్చేసరికి బడి భాషలో వారి దగ్గరున్న మాటలు రెండో మూడో. రెండేళ్ల కిందట నా తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి వరుసగా మూడు వారాలు ఆఖరి పీరియడ్‌లో లేచి నిలబడి ‘ముండొ బింధుఛి’ అని ఒకే మాట చెప్పేవాడు. తల నొప్పెడుతోందని దాని అర్థం. ఒడియా తప్ప వేరే భాష రాని కౌన్సెలర్ మంచి మనిషే. ఓపికగా విని, తలనొప్పి అని రాసుకుని, కళ్ల పరీక్షకు పంపించారు. కళ్లజోడు వచ్చింది, తలనొప్పి పోలేదు. ఒక సాయంత్రం వాళ్ల నాయనమ్మ కూరగాయల బజారులో నన్ను ఆపి, “వీడు రాత్రిళ్లు లేచి కూర్చుని ‘గుబులుగా ఉందే నాయనమ్మా’ అంటున్నాడు బాబూ, బళ్లో ఏమైనా జరిగిందా?” అని అడిగింది. గుబులు, బెంగ, దిగులు, కడుపులో తిప్పడం, గుండె దడ, ఏమీ తోచకపోవడం, ఇవన్నీ వేరువేరు సంగతులని తెలుగులో పెరిగిన ఎవరికైనా తెలుసు. ఆ అబ్బాయికీ తెలుసు. బడిలో మాత్రం అవన్నీ కలిసి ఒక్క తలనొప్పి అయ్యాయి.

పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పిన గిడుగు రామమూర్తి సవర అనే గిరిజన తెగ పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని తాను ఆ భాష నేర్చుకుని, వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. చదువుకు ఇంటి భాష కావాలన్న సంగతి ఈ నేలకు అంత పాతది. దిగులు చెప్పుకోవడానికి కూడా అదే కావాలన్నది మాత్రం మన బడులకు ఇంకా తట్టలేదు.

అందుకే మాస్టారి వైపు నేను కాస్త మొగ్గుతాను. 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కింద బడికి ఇద్దరు ఉపాధ్యాయులకు, వీలైతే ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ, ఆరోగ్య రాయబారులుగా శిక్షణ ఇస్తారు. ఆ పాఠాల్లో మానసిక ఆరోగ్యం కూడా ఒకటి. ఆ ఇద్దరిలో ఒకరు తెలుగు తెలిసినవారైతే, అది మన ప్రాంతంలో అరుదేమీ కాదు, పిల్లవాడికి బడిలోనే సొంత భాషలో ఒక చెవి దొరికినట్టే. పైగా మాస్టారు వారానికి ఆరు రోజులు వాణ్ణి చూస్తారు, ముందు బెంచీవాడు వెనక బెంచీకి ఎప్పుడు మారాడో గమనిస్తారు. లోపం కూడా చిన్నది కాదు. మార్కులు వేసేదీ ఆయనే, క్లాసులో నిలదీసేదీ ఆయనే. పిల్లవాడు చెప్పింది స్టాఫ్ రూములో టీతో పాటు నలిగిపోయే ప్రమాదం ఉంది. నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే. నోరు కట్టుకోలేని మాస్టారికన్నా ఒడియా మాత్రమే వచ్చిన కౌన్సెలర్ వెయ్యి రెట్లు నయం.

ఇక ఫోను. 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్, అంటే ప్రభుత్వం వారి మానసిక ఆరోగ్య సహాయవాణి, నంబరు 14416. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. అక్కడ ఇరవై భాషలున్నాయి, వాటిలో తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే పైనున్న నిపుణులకు కలుపుతారు. భాష సమస్యకు కాగితం మీద ఇంతకన్నా మంచి జవాబు లేదు. “అన్నయ్యా, ముక్కూ మొహం తెలియనివాళ్లతో వాడేం మాట్లాడతాడు?” అని మా చెల్లెలు అంది గానీ, పదిహేనేళ్లవాడికి ముక్కూ మొహం తెలియకపోవడమే ఒక్కోసారి హాయి. నేను చూసిన చిక్కు వేరు: ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది నాన్న జేబులో ఉంటుంది, రెండు గదుల ఇంట్లో తలుపు వేసుకుని మాట్లాడే చోటు లేదు. కాబట్టి ఆ నంబరు పిల్లలకన్నా ముందు తల్లిదండ్రులకే ఎక్కువ పనికొస్తుంది. పిల్లవాడితో మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక అర్ధరాత్రి సతమతమయ్యే తల్లి తానే చేసి అడగవచ్చు.

ఆసుపత్రి మెట్టు తర్వాతిది. రెండు వారాలు దాటినా నిద్రా తిండీ దారికి రాకపోతే బరంపురం వాళ్లకు ఎం.కె.సి.జి. వైద్య కళాశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. పర్లాకిమిడి వాళ్లకు శ్రీకాకుళం దగ్గర, పైగా అక్కడ డాక్టరుతో తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రభుత్వాసుపత్రుల్లో పదేళ్ల నుంచి పందొమ్మిదేళ్ల వారి కోసం నడిపే శ్రద్ధా క్లినిక్‌లు దగ్గర్లో ఉంటే వాడుకోవచ్చు. పరీక్షల ముందు బడికి వచ్చి గంటసేపు ఉత్సాహం నూరిపోసే ఉపన్యాసకుల గురించి చెప్పవలసిందేమీ లేదు.

భాషే ముఖ్యమని ఇంత చెప్పిన నాకు ఎదురుదెబ్బ కొట్టిన అమ్మాయి ఒకతె ఉంది. నేను తెలుగులో పలకరించినప్పుడల్లా ముడుచుకుపోయి, మా బడిలోని ఒడియా గురుమా (టీచరమ్మ) దగ్గర మాత్రం మనసు విప్పింది. తెలుగులో చెబితే ఇంట్లో నాన్న అరుపులే చెవిలో మోగుతాయని ఆవిడతో అందట. అందుకని ఇప్పుడు ఏ భాషలో చెబుతావు, ఎవరితో చెబుతావు అని ముందు పిల్లల్నే అడుగుతున్నాను. రెండేళ్ల కిందటి ఆ అబ్బాయినీ అలాగే అడిగాను: నాయనమ్మను పిలిపించనా, కౌన్సెలర్ గదిలో నేను పక్కన కూర్చుని నీ తెలుగును ఆయనకు ఒడియాలో చెప్పనా అని. చాలాసేపు చొక్కా గుండీ తిప్పుతూ నిలబడి, “మీరే ఉండండి సార్, లెక్కల సంగతి మాత్రం ఎత్తకండి” అన్నాడు.