చక్కెర తగిలించే ఎంజైమ్ కిట్: మూడు నెలలు వాడాక

పీహెచ్‌డీ రోజుల్లో క్వెర్సెటిన్ అనే మొక్కల రంగు పదార్థానికి ఒక్క గ్లూకోజ్ తగిలించడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఆ అణువుకి చక్కెర అతకగల చోట్లు (హైడ్రాక్సిల్ గ్రూపులు) ఐదుంటాయి, నాకు కావలసింది ఒక్కటే. మిగతావాటిని కదలకుండా మూసేసి, 1901 నాటి కోనిగ్స్-నోర్ పద్ధతిలో వెండి లవణం వేసి చక్కెర కలిపి, మళ్లీ ఆ మూతలన్నీ ఊడదీశాను. చేతికి వచ్చింది కొన్ని మిల్లీగ్రాములు. అందుకే ఈ కిట్ తెప్పించిన రోజు చాలా ఆశగా విప్పాను.

డబ్బాలో రెండు ఎంజైమ్ పొడులు, బఫర్ (ఆమ్లత్వం నిలకడగా ఉంచే ద్రావణం), గ్లూకోజ్‌ని మోసే యూడీపీ అనే అణువు కొద్దిగా ఉన్నాయి. మొదటి ఎంజైమ్ గ్లైకోసిల్‌ట్రాన్స్‌ఫరేజ్. యూడీపీ-గ్లూకోజ్ నుంచి గ్లూకోజ్ తీసి క్వెర్సెటిన్‌కి అతికించే పని దానిది. జీవరసాయన శాస్త్రవేత్త లెలోయిర్‌కి 1970లో నోబెల్ వచ్చింది యూడీపీ-గ్లూకోజ్ లాంటి చక్కెర న్యూక్లియోటైడ్‌లను కనుక్కున్నందుకే. చిక్కేమిటంటే అవి ఖరీదు, పైగా మిగిలిపోయే యూడీపీ పేరుకుంటే ఎంజైమ్ మందగిస్తుంది. ఈ కిట్‌లో నాకు బాగా నచ్చింది రెండోది, సుక్రోజ్ సింథేజ్. అది మామూలు పంచదారను విడగొట్టి, అందులోని గ్లూకోజ్‌ని ఆ యూడీపీకే మళ్లీ ఎక్కిస్తుంది. కొంచెం యూడీపీయే తిరిగి తిరిగి పనిచేస్తుంది. ఒక చిక్కుతోనే ఇంకో చిక్కు తీరింది.

మొదటిసారి చెడింది. మాన్యువల్‌లో చెప్పినట్టే క్వెర్సెటిన్‌ని కరిగించే ద్రావకం డీఎంఎస్ఓ 20 శాతం వేస్తే ఎంజైమ్ విరిగిన పాలలా గడ్డలు కట్టింది. తర్వాత 5 శాతానికి తగ్గించి, క్వెర్సెటిన్‌ని విడతలుగా వేస్తూ 30 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాను. తెల్లారేసరికి బురదలా ఉన్న ట్యూబ్ తేటపడింది. అణువుల బరువు చూపే మాస్ పరికరంలో క్వెర్సెటిన్ 303 పోయి 465 కనిపించింది, అంటే సరిగ్గా ఒక గ్లూకోజ్ చేరినంత, 162 పెరిగింది. ఐదు నెలల పని ఒక్క రాత్రిలో! నిజంగా కళ్లు చెమర్చాయి.

అయితే పెద్ద ఫిర్యాదు ఒకటుంది. చక్కెర 3వ స్థానంలోనే చేరుతుందని మాన్యువల్‌లో రాశారు. మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీలో నాకు రెండు పీకులొచ్చాయి, అంటే రెండు పదార్థాలు, రెండూ 465 బరువువే. చక్కెర ఎక్కడ చేరినా బరువు మారదు కాబట్టి మాస్ ఒక్కటే చూసేవాళ్లకి తేడా తెలియదు. అణువు నిర్మాణం చూపే ఎన్‌ఎంఆర్ తీస్తే రెండోది 7వ స్థానమని తేలింది. కంపెనీకి రాస్తే తొమ్మిదో రోజున జవాబొచ్చింది, డీఎంఎస్ఓ తగ్గించమని. నేనడిగింది అది కాదు.

ఎంజైమ్‌ని కరిగించిన వెంటనే చిన్న ట్యూబుల్లో పంచి ఫ్రీజర్‌లో పెట్టండి. నేను ఒకే ట్యూబ్‌ని రెండుసార్లు కరిగించి గడ్డకట్టిస్తే సగం బలం పోయింది.

పరీక్షలకి కొన్ని మిల్లీగ్రాములు చాలనుకునేవాళ్లు ధైర్యంగా తీసుకోవచ్చు. ఒకే స్థానం కచ్చితంగా కావాలంటే మాత్రం వేరుచేసే పని మీదే. నేను రెండో కిట్‌కి ఆర్డర్ పెట్టాను, ఈసారి 3, 7 స్థానాల స్టాండర్డ్‌లు (పోల్చి చూసుకునే శుద్ధ నమూనాలు) రెండూ ముందే తెప్పించుకున్నాను.