విశాఖ మహారాణిపేట పాథాలజీ ల్యాబ్: నాన్న బయాప్సీ ఇక్కడే చేయించాం

నాన్న స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యారు, 71 ఏళ్లు. వీపు మీద కమిలినట్టు ఊదారంగు మచ్చ కనిపిస్తే "బస్సులో రాడ్ తగిలిందిరా" అన్నారు. నమ్మేశాం. నొప్పి లేదు, దురద లేదు. ఒక క్లినిక్‌లో రెండు నెలలు ఆయింట్‌మెంట్ రాయించారు. మచ్చ గట్టిపడి, ఛాతీ మీద ఇంకో మూడు లేచాయి. అప్పుడు వేరే డాక్టరుగారు చిన్న ముక్క తీసి, ఫార్మలిన్ సీసాలో వేసి ఇక్కడికి పంపారు. గాజువాక నుంచి ఆ సీసా ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

ఐదో రోజు రిపోర్టులో జబ్బు పేరే లేదు. రక్త క్యాన్సర్ కణాల్లా ఉన్నాయి, ఐహెచ్‌సీ (కణాల మీది గుర్తులకి రంగు పట్టించి చూసే పరీక్ష) చేయాలి అని రాశారు. మళ్లీ డబ్బులా అని కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకున్నాను (తప్పు నాదే). అక్కడి అమ్మాయి ఎదురు చెప్పకుండా పాథాలజిస్ట్ మేడం దగ్గరకి తీసుకెళ్లింది.

ఈ ల్యాబ్‌కి నేను మార్కులు వేసేది ఆ మేడం వల్లే. ఐహెచ్‌సీలో సీడీ4, సీడీ56 అనే గుర్తులు పాజిటివ్ వచ్చాయి. టీ కణాల సీడీ3 లేదు, బీ కణాల సీడీ20 లేదు, మైలాయిడ్ ల్యుకేమియాలో చూసే ఎంపీవో లేదు. ఆవిడ అక్కడితో వదిలెయ్యకుండా సీడీ123, టీసీఎల్1 కూడా వేయించారు. రెండూ పాజిటివ్. జబ్బు పేరు బ్లాస్టిక్ ప్లాస్మసైటాయిడ్ డెండ్రిటిక్ సెల్ నియోప్లాజమ్, అరుదైన రక్త క్యాన్సర్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఈ పేరు పెట్టకముందు దీన్ని ఎన్‌కే కణాల లింఫోమా అనేవారట. ఎక్కువగా పెద్దవయసు మగవాళ్లకే వస్తుందట. "సీబీసీ రక్తపరీక్ష బాగానే ఉంది కదా మేడం" అన్నాను. "మొదట్లో అలాగే ఉండొచ్చు బాబూ, కానీ ఇది ఆగదు. ఈ వారమే ఎముక మూలుగ పరీక్ష చేయించండి" అన్నారు. చేయిస్తే మూలుగలోనూ దొరికింది. సీడీ123ని పట్టుకుని పనిచేసే టాగ్రాక్సోఫస్ప్ అనే మందుకి 2018లో అమెరికాలో అనుమతి వచ్చిందని కూడా ఆవిడే చెప్పారు. అది మన చేతికి అందడం వేరే కథ.

రిపోర్టు ఒక్కటే తీసుకుని వెళ్లిపోకండి, బ్లాకులు (తీసిన ముక్కని మైనంలో పెట్టి దాచినవి), స్లైడ్లు కూడా అడగండి. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో మళ్లీ చూడడానికి అవే అడిగారు.

లిఫ్ట్ లేదు, రెండంతస్తులు ఎక్కాలి. ఒక స్టార్ అందుకే తగ్గించాను. రిపోర్టులో నాన్న వయసు 17 అని కొట్టారు, దిద్దించడానికి ఒక రోజు పట్టింది. ఆ పాత కాయితం మాత్రం నాన్న చింపనివ్వలేదు. కీమోకి వెళ్లినప్పుడు నర్సులకి చూపిస్తున్నారు.