తంబుచెట్టి వీధిలో పన్నెండు కోర్టు డైరీలు

2014 నుంచి 2025 దాకా మా ఆఫీసులో పన్నెండు కోర్టు డైరీలు నిండాయి. పన్నెండూ బీరువా పై అరలో వరసగా ఉన్నాయి. మధ్యలో ఏడాదిన్నర డబ్బు కట్టి కేసుల సాఫ్ట్‌వేర్ కూడా వాడాం. రెండూ వాడినదాన్ని కాబట్టి, చిన్న ఆఫీసు పెట్టుకున్న లాయర్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మా ఆఫీసు చెన్నైలో, హైకోర్టు ఎదుటి తంబుచెట్టి వీధిలో, రెండో అంతస్తులో రెండు గదులు. మా సీనియర్ గారిదీ నాదీ నెల్లూరు జిల్లా. క్లయింట్లలో సగానికి పైగా తెలుగువాళ్లే: షావుకారుపేటలో తరాలుగా వ్యాపారం చేస్తున్నవాళ్లు, నెల్లూరు నుంచి సరుకు పంపి డబ్బు రాక తిరిగేవాళ్లు. ఒకప్పుడు ఐదుగురు లాయర్లం, ఇప్పుడు ముగ్గురం. గుమాస్తా ఒకరు. అద్దె రెండు నెలలు ఆగిపోయిన రోజులూ ఉన్నాయి. బార్ కౌన్సిల్ 36వ నియమం ప్రకారం లాయరు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. మాకు కేసు నోటిమాట మీదే రావాలి. ఒక్క వాయిదాకు మనిషి వెళ్లకపోతే అవతలి పక్షం ఎక్స్‌పార్టీ, అంటే మన వాదన లేకుండానే కేసు తేల్చమని, అడుగుతుంది, ఆ కబురు సాయంత్రానికల్లా షావుకారుపేటంతా తిరుగుతుంది. మా అన్నం ఆ తేదీల మీద ఆధారపడి ఉంది.

మేం వాడేది అడ్డంగా పొడవుగా పెద్దగా ఉండే అట్ట డైరీ. రోజుకు ఒక పేజీ, పేజీకి ఆరు గడులు: వెనకటి తేదీ, కోర్టు, కేసు నంబరు, పార్టీలు, ఏ దశలో ఉంది, ముందు తేదీ. వాయిదాలు నీలం ఇంకుతో రాస్తాం. గడువు తేదీలు, అంటే ఆ రోజు దాటితే హక్కే పోయేవి, ఎర్ర ఇంకుతో. ఇంటి పనులు పెన్సిల్‌తో. ఎర్ర తేదీని ఒక్కచోట రాస్తే సరిపోదు. సాధారణ సివిల్ దావాలో సమన్లు అందిన నాటి నుంచి జవాబు దాఖలుకు 30 రోజులు, కోర్టు అనుమతితో 90. వాణిజ్య దావాలో 120 రోజులు దాటితే ఇక ఆ జవాబు రికార్డులోకి ఎక్కదు. అందుకని సమన్లు చేతికి రాగానే 30వ రోజు పేజీలోనూ, ఆఖరి రోజు పేజీలోనూ, దానికి వారం ముందు పేజీలోనూ మూడు చోట్లా ఎర్రగా రాస్తాం.

రాయడం కన్నా ముఖ్యమైంది చదవడం. సాయంత్రం ఆరున్నరకు అందరం కోర్టుల నుంచి తిరిగొచ్చి, గౌన్లు మేకులకు తగిలించి, టీ తెప్పించుకున్నాక సీనియర్ గారు డైరీ తెరిచి రేపటి పేజీ పైకి చదువుతారు. ఆ తర్వాత వారం రోజుల ఎర్ర ఇంకు చదువుతారు. ఆయన చదువుతుంటే గుమాస్తా అన్న ఆ కేసుల కాగితాల కట్టలు ఒక్కొక్కటే బల్ల మీద పెడతాడు. కట్ట దొరక్కపోతే అక్కడే తెలిసిపోతుంది, రేపు పదిన్నరకు కోర్టులో తెలియాల్సిన పని ఉండదు. మా డైరీలో మూడు భాషలు కలిసి ఉంటాయి. సీనియర్ గారు ఇంగ్లీషులో రాస్తారు, నేను పార్టీల పేర్లు తెలుగులో రాసేస్తాను, గుమాస్తా అన్న తమిళంలో రాస్తాడు. అయినా ఎవరికీ ఇబ్బంది రాలేదు. అంకెలు అందరికీ ఒకటే, పైగా కోర్టు మాటలు రెండు భాషలకూ ఇంచుమించు ఒకటే. మనం వాయిదా అంటే ఆయన వాయ్‌దా అంటాడు, మనం వకాలత్తు అంటే ఆయన వక్కాలత్తు అంటాడు.

పెన్సిల్ గురించి చెప్పాలి. 2018లో మా అమ్మకు డయాలసిస్ మొదలైంది, మంగళవారం, శుక్రవారం. మొదట్లో ఆఫీసులో చెప్పుకోలేక నా కేసులకు నా బదులు నిలబడమని నేనే ఎవరినో ప్రాక్సీ అడుక్కుని, పాస్‌ఓవర్లు, అంటే కేసును ఆ రోజే కాసేపాగి పిలవమని అనుమతి, తీసుకుని, ఎగ్మోర్ మేజిస్ట్రేట్ కోర్టు నుంచి ఆసుపత్రికి పరిగెత్తేదాన్ని. మూడో వారం సీనియర్ గారు కనిపెట్టారు. ఏమీ అడగలేదు. డైరీ తీసుకుని ఆ ఏడాది మిగిలిన ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం పేజీ పైమూల ఆయనే పెన్సిల్‌తో "అమ్మ" అని రాశారు. ఆ రోజు నుంచి సోమవారం సాయంత్రం చదివేటప్పుడు మొదటి మాట అదే.

"రేపు అమ్మ. ఎగ్మోర్ ఎవరు చూస్తారు?"

"నేను చూస్తా సార్."

ఎవరో ఒకరు అనేవాళ్లు. ఒక్కసారి కూడా ఆ ప్రశ్నకు జవాబు రాకుండా ఉండలేదు. 2019 డైరీలో ఆ మాట ఆఖరిసారి పైకి చదివింది అక్టోబరు 18, శుక్రవారం పేజీలో. తర్వాతి మంగళవారం పేజీలో రబ్బరుతో తుడిచిన మరక కనిపిస్తుంది. ఆ తర్వాతి పేజీల్లో మాత్రం తుడవొద్దని నేనే అడిగాను.

2020 డైరీ మార్చి చివర నుంచి ఇంచుమించు తెల్లగా ఉంది. అయితే కాలం ఆగినట్టు గడువులూ ఆగాయి: 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా గడిచిన రోజుల్ని లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆలోగా గడువు తీరిపోయినవాటికి 2022 మార్చి 1 నుంచి 90 రోజులిచ్చింది. మూడు పాత డైరీలు బల్ల మీద పరిచి, ఎర్ర ఇంకున్న ప్రతి పేజీ తిప్పి, కొత్త తేదీలు వేసుకున్నాం. 2022 డైరీలో మే నెలాఖరు పేజీలు చూస్తే ఎర్ర సిరా ఒలికినట్టు ఉంటుంది. పాత డైరీ పారేయకూడదని నేను గట్టిగా చెప్పేది ఆ అనుభవం వల్లే.

ఆ ఏడాది మధ్యలోనే సాఫ్ట్‌వేర్ కొన్నాం. కంపెనీ పేరు రాయను. తలకింత అని నెలనెలా కట్టాలి. మంచి చెప్పాల్సి వస్తే, నంబరు పడ్డ కేసుల తేదీలు దానంతట అదే తెచ్చుకునేది. ఫీజు బిల్లులు చక్కగా వేసేది, ఎవరు ఎంత బాకీనో కళ్లకు కట్టేది. అది లేకపోతే మాకు రావలసిన బాకీలు అంతున్నాయని మాకే తెలిసేది కాదు. కానీ తేదీ ఒక్కటే కావాలంటే ప్రభుత్వ ఈ-కోర్ట్స్ యాప్ ఉచితమే. కేసుకుండే 16 అక్షరాల సి.ఎన్.ఆర్. కొడితే ముందు తేదీ చూపిస్తుంది. కోర్టు వరండాలో నిలబడి మేం ఇప్పటికీ వాడేది అదే.

సాఫ్ట్‌వేర్ మమ్మల్ని రెండుసార్లు కష్టపెట్టింది. మొదటిది 2023 జూన్‌లో. మా భాగస్వామి ఒకాయన, నేను అన్న అని పిలిచే మనిషి, విడిపోయి ఇదే వీధిలో నాలుగు మేడల అవతల సొంత ఆఫీసు తెరిచారు. పదకొండు మంది క్లయింట్లు ఆయన వెంట వెళ్లారు. మాకది పెద్ద దెబ్బ. వాళ్లలో ఇద్దరు ఫీజు పూర్తిగా కట్టలేదు. కట్టేదాకా కట్టలు ఇవ్వొద్దని మా జూనియర్ పట్టుబట్టాడు. ఫీజు బాకీ ఉందని క్లయింటు ఫైలు ఆపుకునే హక్కు లాయరుకు లేదని 2000లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. సీనియర్ గారు కట్టలన్నీ అదే రోజు ఇచ్చేయించారు, కొత్త లాయరు వేసే వకాలత్తుల మీద సమ్మతి రాసిచ్చారు. అంతవరకూ సవ్యంగానే జరిగింది. సాఫ్ట్‌వేర్ ఖాతా మాత్రం అన్న ఫోను నంబరు మీద ఉంది. మా కేసుల హెచ్చరికలు మూడు వారాలపాటు ఆయన ఫోనుకే వెళ్లాయి. మార్చమని కంపెనీకి రాస్తే ఇవాళ, రేపు అన్నారు.

ఒక శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు అన్నే మెట్లెక్కి వచ్చారు. తన పాత కుర్చీలో కూర్చుని, తన ఫోనుకు వచ్చిన మా తేదీలన్నీ ఒక్కొక్కటే చదివారు. గుమాస్తా అన్న డైరీలో సరిచూసుకున్నాడు. తర్వాత తనతో వెళ్లిన కేసుల తేదీలు తను చెప్తుంటే నేను ఒక్కో వరస మీద సన్నగా గీత గీసి "మారింది" అని రాశాను. ముప్పై నాలుగు వరసలు. టీ వచ్చింది, ఎవరూ తాగలేదు. ఆ పేజీల కోసం నేను ఎప్పుడైనా 2023 డైరీ తీస్తే ఆ గీతలు చాలా తిన్నగా ఉండటం చూసి నాకే ఆశ్చర్యం.

రెండోది అదే ఏడాది డిసెంబరులో, మిచాంగ్ తుపాను వచ్చిన వారం. షావుకారుపేట మిర్చి వ్యాపారి ఒకాయనకు రావలసిన నాలుగు లక్షల ఎనభై వేల చెక్కు బౌన్స్ అయింది. చెక్కు తిరిగొచ్చిందని చెప్పే బ్యాంకు మెమో నవంబరు 8న చేతికొచ్చింది. చెక్కు కేసు తెలిసినవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు: మెమో అందిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి, నోటీసు అందాక అవతలివాడికి 15 రోజులు, అప్పటికీ ఇవ్వకపోతే నెలలోగా ఫిర్యాదు. ఫిర్యాదు ఆలస్యమైతే కారణం చూపి మన్నించమని అడగొచ్చు. నోటీసు ఆలస్యమైతే అలా అడిగే దారే లేదు. చెక్కుకు ఇంకా చెల్లుబాటు ఉంటే మళ్లీ బ్యాంకులో వేసి కొత్తగా మొదలుపెట్టొచ్చు, కానీ దీని మూడు నెలలూ నవంబరు 10తోనే అయిపోయాయి. ఆఖరి రోజు డిసెంబరు 8.

ఇక్కడే సాఫ్ట్‌వేర్‌తో అసలు చిక్కు. నోటీసు దశలో కేసుకు నంబరుండదు. నంబరు లేని కేసు దాని దృష్టిలో కేసే కాదు, మనమే విడిగా ఎక్కించాలి. జూనియర్ ఎక్కించాడు, హెచ్చరిక అతని ఫోనుకు పెట్టుకున్నాడు. డిసెంబరు 4న వేళచ్చేరిలో అతని ఇంట్లోకి నీళ్లొచ్చాయి, ఫోను పోయింది, మనిషి రెండు రోజులు మేడ మీదే ఉన్నాడు. ఆఫీసులో కరెంటు లేదు. 6వ తేదీ సాయంత్రం నేనూ గుమాస్తా అన్నా మాత్రమే వచ్చాం. అలవాటు కొద్దీ కొవ్వొత్తి వెలిగించి డైరీ తెరిచాం. 8వ తేదీ పేజీలో ఎర్రగా "మిర్చి చెక్కు, నోటీసు ఆఖరు" అని ఉంది. ఆ వెలుగులోనే చేత్తో నోటీసు రాశాను. మర్నాడు కరెంటున్న చోట వెతుక్కుని టైపు చేయించి, రాజాజీ సాలై పెద్ద పోస్టాఫీసులో పంపి రసీదు తెచ్చాం. ఆ రసీదు డైరీలో అదే పేజీకి అంటించి ఉంది. వ్యాపారికి డబ్బు మరుసటి ఏడాది రాజీలో వచ్చింది. ఆయన తమ్ముడి కేసూ, బావమరిది కేసూ మా దగ్గరికే వచ్చాయి. జనవరిలో సాఫ్ట్‌వేర్ ఆపేశాం.

జూనియర్ తప్పేమీ లేదు, అతనికి ఆ మాట అప్పుడే చెప్పాం. ఒక తేదీ ఒక్క మనిషి జేబులో ఉండటమే ప్రమాదం. ఇరవై ముప్పై మంది లాయర్లుండి, ఎక్కించడానికి విడిగా మనిషి ఉన్న ఆఫీసులో సాఫ్ట్‌వేర్ బాగానే పనిచేస్తుందని నా నమ్మకం. అక్కడ అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చోలేరు కదా.

డైరీకీ లోపాలున్నాయి. కుట్టు బలంగా లేనివి జూన్ కల్లా నడుం విరుగుతాయి. కొనేముందు జూలై దగ్గర తెరిచి వెల్లకిలా పెట్టి చూడండి, పేజీలు వాటంతట అవే లేస్తుంటే వద్దు. పల్చటి కాగితం మీద జెల్ పెన్ను వెనక్కి దిగుతుంది, వానాకాలంలో మరీనూ. శని, ఆదివారాలను ఒకే పేజీలో ఇరికించినవి అస్సలు కొనొద్దు. గడువులు ఆదివారమా అని చూసి రావు. ఆఖరి రోజు కోర్టు సెలవైతే తెరిచిన రోజు దాఖలు చేయొచ్చని లిమిటేషన్ చట్టం 4వ సెక్షను చెప్తుంది, అయినా అసలు తేదీ రాసుకోవడానికి చోటుండాలి. చివర ఇచ్చే పట్టికలు కూడా చూసుకోండి. 2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చినప్పుడు మా డైరీ వెనక పాత సెక్షన్లే ఉన్నాయి, చేత్తో పట్టిక రాసి అంటించుకున్నాం. హత్యకు 302 పోయి 103, మోసానికి 420 పోయి 318. అన్నిటికన్నా తికమక పెట్టింది 482. నిన్నటిదాకా అది హైకోర్టు స్వాభావిక అధికారం, ఇప్పుడు అదే అంకె ముందస్తు బెయిలు. ఆ పట్టిక అచ్చువేసిన డైరీకి యాభై రూపాయలు ఎక్కువైనా ఇవ్వొచ్చు.

అన్నిటికన్నా పెద్ద లోపం, డైరీ ఒక్కటే ఉంటుంది. తడిసినా పోయినా ఆఫీసు గుడ్డిదైపోతుంది. తుపాను తర్వాత మేం రోజూ చదవడం అయ్యాక రేపటి పేజీనీ, ఎర్ర ఇంకున్న పేజీలనూ ఫోటో తీసి ముగ్గురికీ పంపుకుంటున్నాం. మొన్న జూలైలో మా బాబుకు జ్వరం వచ్చి నేను ఇంట్లో ఉన్నాను, సీనియర్ గారు నెల్లూరులో ఉన్నారు. ఫోటోలో సిటీ సివిల్ కోర్టు వాయిదా చూసి నేను కంగారుపడుతుంటే గుమాస్తా అన్న ఫోను చేశాడు. నాలుగు మేడల అవతలి అన్నకు డైరీ చదివి వినిపించానని, ఆయన వెళ్లి పాస్‌ఓవర్ తీసుకున్నారని చెప్పాడు.

2026 డైరీ నిన్న కొన్నాం. ఆదివారానికి పూర్తి పేజీ ఉంది, కుట్టు గట్టిగా ఉంది, ఉగాది సెలవు సరిగ్గా వేశారు. జనవరి, ఫిబ్రవరి తేదీలు రాత్రి ఎక్కించేశాం. మార్చిలో బాబు పరీక్షల తేదీలు ఇంకా రాలేదు, పెన్సిల్ పక్కన పెట్టుకుని ఉన్నాను.