తలుపు తీసి ఉన్నా పచ్చగానే వెలిగిన ఆరో జోన్

మా నోటుబుక్కుల హోల్‌సేల్ షాపుకి ఎనిమిది జోన్ల దొంగల అలారం పెట్టించి నాలుగేళ్లు దాటింది. జోన్ అంటే అది విడిగా కాపలా కాసే ఒక్కో చోటు. విజయవాడ వన్‌టౌన్‌లో మూడంతస్తుల బిల్డింగ్. కింద షాపు, పైన రెండంతస్తులూ గోడౌన్, మా ఇల్లు పక్క సందులోనే. ఇంతకుముందున్న హూటర్‌కి మోగడం ఒక్కటే తెలుసు. అర్ధరాత్రి మోగితే టార్చిలైటు పట్టుకుని డాబా దాకా ప్రతి తలుపూ లాగి చూసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఎక్కడ మోగిందో కీప్యాడ్ మీద ఆ జోన్ అంకె వెలుగుతుంది. నాలుగు వెనక షట్టర్, ఐదు మొదటి అంతస్తు మోషన్ సెన్సర్. ఆ అంకె గురించి కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. ఐదో జోన్ వరసగా మూడు రాత్రులు మోగినా విసుక్కోలేదు. వెళ్లి చూస్తే సెన్సర్ మీద బల్లి. కంటికి అంటుకుని కూర్చుంటే బల్లయినా దొంగంత కనిపిస్తుంది కాబోలు.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున షాపు కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, డాబా తలుపు రాత్రంతా తీసే ఉన్నట్టుంది. జల్లు కొట్టి కట్టలు తడిసిపోయాయి." డాబా తలుపంటే ఆరో జోన్. ఏ తలుపు తీసి ఉన్నా మా ప్యానెల్, అంటే వైర్లన్నీ వచ్చి చేరే అలారం డబ్బా, ఆన్ కాదు, కానీ రాత్రి నేనే ఆన్ చేశాను. కీప్యాడ్ దగ్గరికెళ్లి చూస్తే అక్కడ తలుపు బార్లా తెరిచి ఉంది, ఇక్కడ ఆరు మూసే ఉన్నట్టు పచ్చగా వెలుగుతోంది.

పెట్టినవాళ్లు వచ్చి సెన్సర్ మార్చి వెళ్లారు. అదే పచ్చ లైటు. చివరికి తెలిసిన ఎలక్ట్రీషియన్ మల్టీమీటరుతో కూర్చుని తేల్చాడు. ఫాల్స్ సీలింగ్ పైన ఎలుకలు వైరు కొరికి, రెండు తీగలూ కలిసిపోయాయి. తలుపు మూస్తే సెన్సర్ చేసేదీ అదే, తీగల్ని కలపడం. ఇలాంటిది పట్టుకోవడానికే ప్రతి జోన్‌కీ ఒక రెసిస్టర్, అంటే కరెంటుని కొంత అడ్డుకునే చిన్న ముక్క, ఉంటుంది. అది లైను చివర, తలుపు దగ్గర ఉంటే మధ్యలో తీగలు కలిసినప్పుడు ప్యానెల్‌కి తేడా తెలిసిపోతుంది. మావాళ్లు పని తేలికని ఎనిమిదీ ప్యానెల్ డబ్బాలోనే బిగించేశారు. అంటే ప్యానెల్ తన నాడి తనే పట్టుకుని, డాబా తలుపు భద్రంగా ఉందని నాకు చెబుతోంది! రూపాయో రెండో చేసే సరుకు ఆ రెసిస్టర్. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అన్నీ లైను చివరికి మార్పించాను. జోన్ అంకె గురించి పైన చెప్పింది నిజమే, కాకపోతే మోగిన రోజు సంగతది. ఇప్పుడు నెలకోసారి మా ఆవిడ కీప్యాడ్ దగ్గర నిలబడితే నేను ఒక్కో తలుపూ తీసి చూస్తాను. ఎనిమిది చాలక రెండు కిటికీలు ఏడులోనే కలిపించాను కాబట్టి, ఏడు మోగితే నాకు మళ్లీ పాత టార్చిలైటే.

ఇల్లు పక్కనే ఉంది, తాళం వేసేది నేనే కాబట్టి నాకు సరిపోతోంది. ఊరవతల గోడౌన్ ఉన్నవాళ్లకి ఇదే కొనమని మాత్రం చెప్పలేను. మార్చాల్సి వస్తే పదహారు జోన్లది చూస్తానేమో. ఎలుకల సంగతి ఇంకా తేలలేదు.