శుక్రవారం రాత్రి కాచే చోడి అంబలి: రెండేళ్ళ వాడకం తర్వాత

శని, ఆదివారాల్లో నడక, యోగా, పథ్యపు తిండి మూడూ కుదరాలంటే తెల్లవారుజామున లేవడమొక్కటే కష్టమని నేను చాలాకాలం అనుకునేదాన్ని. రెండేళ్ళు గడిచాక చూసుకుంటే, ఆ మూడింటినీ మా ఇంట్లో కలిపి నిలబెట్టింది శుక్రవారం రాత్రి కాచి దించే ఒక గిన్నెడు చోడి అంబలి అని తేలింది. రాగులను మా ఉత్తరాంధ్రలో చోళ్ళంటాము. వాటి గుణగణాలు ఇప్పుడు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోకుండా, ఆ గిన్నె నాకు చేసిన మేలు గురించీ, ఒకసారి చేసిన కీడు గురించీ రాస్తున్నాను.

ముందు నా పరిస్థితి చెప్పాలి. నేను విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగిని. శనివారాల్లో రెండోదీ నాలుగోదీ మాత్రమే మాకు సెలవు. మిగిలిన వారాల్లో ఆదివారమే దిక్కు. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, రైతుబజారు, పిల్లల పరీక్షలు అన్నీ ఆ కాసిన్ని సెలవుల్లోనే ఇమడాలి. 2024 జనవరిలో చేయించుకున్న పరీక్షలో మూడు నెలల సగటు చక్కెర (హెచ్‌బీఏ1సీ) 6.1 శాతం అని వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా మధుమేహానికి ముందు దశ అంటారు. మందులు అక్కర్లేదనీ, వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడిచి, తిండి సరిచేసుకోమనీ డాక్టరుగారు చెప్పారు.

అంబలి పని గురువారం రాత్రే మొదలవుతుంది. ఒక గ్లాసు చోడి పిండిని మూడు గ్లాసుల నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి మూతపెట్టి వదిలేస్తాను. శుక్రవారం సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చి మూత తీస్తే పిండి అడుగుకు దిగి, పైన నీరు తేటగా నిలిచి, సన్నని పులుపు వాసన వస్తుంది. గుప్పెడు బియ్యపు నూకను ఎసట్లో వేసి, అది మెత్తబడ్డాక ఈ పులిసిన పిండిని పోస్తూ తెడ్డుతో ఆపకుండా కలపాలి. చేయి ఆగిందంటే అడుగంటుతుంది. పిండి రంగు ముదిరి, నిగనిగలాడి, తడిచేత్తో తాకితే వేలికి అంటుకోకుండా ఉంటే ఉడికినట్టు. రాత్రంతా అలాగే చల్లారనిచ్చి, పొద్దున మజ్జిగ పోసి, ఉప్పు వేసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటాము.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది రుచి కూడా కాదు, ఇది నాకు శవాసనాన్ని దక్కించడం. సెలవు రోజు అయిదింటికి బీచ్ రోడ్డు చేరుకుంటాను. ఆ వేళ అక్కడికి వాహనాలను రానివ్వరు. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి, కుర్సుర జలాంతర్గామి మ్యూజియం మీదుగా వెళ్ళి తిరిగివచ్చేసరికి నలభై అయిదు నిమిషాలు పడుతుంది. తర్వాత మా డాబా మీద ఆరు సూర్యనమస్కారాలు, భుజంగాసనం, పశ్చిమోత్తానాసనం వేసి, చివర పది నిమిషాలు శవాసనంలో ఉండాలి. ఆసనాలు ఖాళీ కడుపుతో వేయాలి కాబట్టి అంతవరకు మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోను. అంబలి అలవాటు కాకముందు ఆ చివరి పది నిమిషాలు నాకు ఎప్పుడూ దక్కేవి కావు. కళ్ళు మూసుకోగానే చట్నీకి కొబ్బరి లేదనో, దోసెల పిండి బయట పెట్టలేదనో గుర్తుకు వచ్చి, రెండు నిమిషాలకే లేచి వంటింట్లోకి పరుగెత్తేదాన్ని. ఇప్పుడు పొయ్యి వెలిగించాల్సిన పని లేదని తెలుసు కాబట్టి ఒళ్ళు నిజంగా వదులవుతుంది. అలా పడుకున్న మొదటి శనివారం, వీపు కింద చాప అల్లిక గరుకుగా తగలడం, పక్కింటి డాబా మీద పావురాల రెక్కల చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆసనాలు నేర్చుకుని ఎన్నో ఏళ్ళయినా యోగా వల్ల మనసు కుదుటపడుతుందన్న మాట ఆ రోజే నాకు అనుభవంలోకి వచ్చింది.

ఇంత మెచ్చుకుంటున్న ఈ గిన్నే 2025 మే నెలలో నన్ను రెండు రోజులు మంచాన పడేసింది. అది రెండో శనివారం. పొద్దున అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. సాయంత్రం విజయనగరంలో బంధువుల పెళ్ళికి బయలుదేరే హడావుడిలో, ఆదివారానికి ఉంచిన సగం అంబలిని ఫ్రిజ్‌లో పెట్టడం మరిచిపోయాను. రాత్రి ముహూర్తం కావడంతో, తలంబ్రాలయ్యాక భోజనం చేసి ఇల్లు చేరేసరికి మూడు దాటింది. నిద్ర చాలకపోయినా నడక మానకూడదన్న పట్టుదలతో ఆరున్నరకు లేచాను. ఆలస్యమైందని క్రమాన్ని కూడా తిరగేసి, ముందు అంబలి తాగి తర్వాత నడకకు వెళ్ళాను. గిన్నె మూత తీసినప్పుడు వాసన కాస్త మారినట్టు అనిపించింది. అయితే మజ్జిగ ఎక్కువ పోసి, నిమ్మకాయ పిండేసరికి అది తెలియకుండా పోయింది. విశాఖలో మే నెల ఉక్క ఎలా ఉంటుందో ఇక్కడివారికి తెలుసు. ఏడింటికే ఒళ్ళంతా చెమటతో జిగటగా అయిపోతుంది. కుర్సుర దగ్గరికి వచ్చేసరికి కడుపులో మెలిపెట్టినట్టయి, కళ్ళు బైర్లు కమ్మి, అక్కడే గట్టు మీద కూలబడ్డాను. ఎవరో అమ్మాయి తన నీళ్ళ సీసా ఇచ్చి, మావారికి ఫోన్ చేసింది. ఆ రోజంతా వాంతులు, విరేచనాలు. సోమవారం బ్యాంకుకు సెలవు పెట్టి ఓఆర్ఎస్ నీళ్ళతోనే గడిపాను.

మా అత్తయ్యగారిది శ్రీకాకుళం జిల్లా. చిన్నప్పటి నుంచి అంబలి తాగి పెరిగిన మనిషి. ఆవిడ ఒకటే మాట అన్నారు: “పులుపు వేరు, పాచి వేరు. ముక్కుకి తెలిసిపోయాక నోటికెందుకు పెట్టావమ్మా?” పెళ్ళి భోజనంలో ఏదైనా తేడా చేసిందేమో, నిద్రలేమి, ఎండ కలిసి అలా చేశాయేమో, కచ్చితంగా తేల్చలేను. అయినా భయం పట్టుకుని అయిదారు వారాలు అంబలి జోలికి పోలేదు. అది ఆగగానే శవాసనం పోయింది, ఆ వెంటనే ఆసనాలు, తర్వాత నడక కూడా తగ్గిపోయాయి. జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షలాది మంది కూర్చున్నారు కదా, ఆ జనంలో నేనూ ఒకదాన్ని. నాకు రోజూ పరిచయమున్న రోడ్డు మీద, ఎప్పుడూ చూడనంత జనం మధ్య కూర్చున్నప్పుడు, ఇన్నాళ్ళు ఎందుకు మానేశానా అని నిజంగా బాధ కలిగింది. ఆ తర్వాత వచ్చిన గురువారం మళ్ళీ పిండి కలిపాను.

ఇప్పుడు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా సగం కొలతే కాస్తాను. ఆదివారం వాటాను శనివారం పొద్దున్నే, మజ్జిగ కలపకముందే, వేరే గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెడతాను. రాత్రి పెళ్ళి ఉంటే మర్నాడు నడక మానేసి, పవనముక్తాసనం, ప్రాణాయామం, శవాసనంతో సరిపెట్టుకుంటాను.

మొదట్లో అందరికీ చెప్పిన కొన్ని మాటలను ఇప్పుడు సరిదిద్దుకోవాలి. మధ్యాహ్నం దాకా ఆకలి వేయదని చెప్పేదాన్ని; నిజానికి పదకొండుకల్లా వేస్తుంది. కారణం లెక్క వేసుకుంటే తెలిసింది. వంద గ్రాముల చోళ్ళలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నా, మాంసకృత్తులు ఏడు గ్రాములకు అటూ ఇటూగానే ఉంటాయి. నా గ్లాసులోకి వచ్చే పిండి ముప్పై గ్రాములు కాబట్టి మాంసకృత్తులు రెండు గ్రాములు మాత్రమే దక్కుతాయి. అందుకే పక్కన ఉడికించిన గుడ్డు గానీ, మొలకెత్తిన పెసలు గానీ చేర్చాను. చక్కెర మాట కూడా అంతే. ఇంట్లోని మీటరుతో రెండు గంటల తర్వాత చూసుకుంటే, రెండు గ్లాసులు తాగిన రోజు 168, ఒక గ్లాసుకు గుడ్డు తోడైన రోజు 136 చూపించింది. చోడి అయితే ఎంత తాగినా పర్వాలేదనుకోవడం నా పొరపాటు. వంట పని పూర్తిగా తప్పుతుందన్నది కూడా నా ఒక్కదాని విషయంలోనే నిజం. పిల్లలు దీన్ని ముట్టుకోరు, వాళ్ళ ఇడ్లీలు మావారు వేస్తారు. ఆయన ఆ పని తీసుకోకపోయి ఉంటే ఈ సమీక్ష ఇలా ఉండేది కాదు.

మొన్నటి పరీక్షలో సగటు చక్కెర 5.8 వచ్చింది. ఇదే కాలంలో టీలో చక్కెర మానేశాను, బ్యాంకులో లిఫ్టు ఎక్కడం మానేశాను. కాబట్టి ఆ తగ్గుదల అంతా అంబలి వల్లనే అని చెప్పను. రాత్రి డ్యూటీలు చేసేవారికి, పులుపు పడని కడుపు ఉన్నవారికి, ఇప్పటికే చక్కెరకు మందులు వాడుతున్నవారికి ఇది ఎంతవరకు కుదురుతుందో వారి డాక్టరు చెప్పాలి. నాలాగా నెలకు రెండే పూర్తి వారాంతాలు దొరికేవారు, ఇంట్లో ఇంకొక చేయి సాయం ఉన్నవారు చలికాలంలో మొదలుపెట్టి చూడవచ్చు. ఈ వారం నాలుగో శనివారం. పిండి నిన్న రాత్రే కలిపాను, ఈ సాయంత్రం కాయాలి.