"హెవీ బ్లేడ్" అని చెప్పి పిడిలో ఇత్తడి కూరి అమ్ముతున్నాడు, రేజర్ కొనేవాళ్ళు జాగ్రత్త

ఇప్పుడే వాడి చివరి మెసేజ్ చూసి ఒళ్ళు మండి రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. పాత స్ట్రెయిట్ రేజర్లు (మంగలి మడత కత్తులు) బాగుచేసి అమ్ముతాడు చూడండి, ప్రతి ఫోటోలో కింద నల్ల వెల్వెట్ గుడ్డ పరుస్తాడే, ఆయనే. పేరు రాయను, రాస్తే పోస్టు లేపేస్తారు, ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

నాది బిరుసు గడ్డం. ఫుల్ హాలో కత్తులు, అంటే బ్లేడ్‌ని రెండు పక్కలా బాగా తవ్వి పల్చన చేసినవి, తేలిగ్గా ఉంటాయి, వెంట్రుక గట్టిగా ఉన్నచోట తడబడతాయి, మనకి తెలీకుండానే చెయ్యి నొక్కుతుంది, ఆ తర్వాత మెడంతా మంట. అందుకే స్పైన్ (బ్లేడ్ వీపు) మందంగా ఉన్నది, 7/8 అంగుళం వెడల్పుది, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ పాత వెడ్జ్‌ల (తవ్వకుండా మందంగా వదిలేసిన బ్లేడ్‌ల) లాంటిది కావాలనుకున్నా. బరువు బ్లేడ్‌లో ఉంటే అదే దిగుతుంది, మనం దారి చూపిస్తే చాలు. "బరువు బ్లేడ్‌లో ఉండాలి, పిడిలో కాదు" అని ఆయనకి ఈ మాటలే టైప్ చేసి పంపా. "సార్ మీకోసమే దాచినట్టుంది, క్వార్టర్ హాలో, 80 గ్రాముల పైనే, బ్యాలెన్స్ కరెక్టుగా పిన్ దగ్గర" అన్నాడు. క్వార్టర్ హాలో అంటే కొద్దిగానే తవ్విన మందపాటి బ్లేడ్, పిన్ అంటే బ్లేడ్‌నీ పిడినీ కలిపే ఇరుసు. ఫోటో కూడా పంపాడు, తెరిచిన రేజర్, పిన్ కింద ఒక్క వేలు, అటూ ఇటూ వాలకుండా నిలబడింది. మొన వైపు నుంచి ఎదురుగా తీసిన ఫోటో అడిగితే "లైటింగ్ బాలేదు సార్" అన్నాడు, నేనూ మహా తెలివిగా సరే అన్నా.

పార్సిల్ విప్పగానే బాగానే బరువుగా తగిలింది, కత్తంటే ఇదీ అని మురిసిపోయా కూడా. పదును సరిచేసే తోలు పట్టీ మీద నాలుగు లాగుళ్ళు లాగానో లేదో టింగుమంటూ పాడటం మొదలెట్టింది. మందపాటి బ్లేడ్ అంతలా పాడదు కదా! మొన కంటికి ఎదురుగా పెట్టి చూస్తే స్పైన్ కింద రెండు పక్కలా తవ్వేసి ఉంది, అంచుకొచ్చేసరికి కాగితమే, గోటి మీద ఆనించి మెల్లగా ఒత్తితే వంగుతోంది. పక్కా ఫుల్ హాలో. మరి ఆ 80 గ్రాములు ఎక్కడివి? స్కేల్స్‌లో, అంటే పిడికి రెండు పక్కలా ఉండే పలకల్లో. పైకి నల్ల కొమ్ము, లోపల రెండు వైపులా ఇత్తడి లైనర్లు (అతికించిన రేకులు), చివర ఇరికించిన ముక్క కూడా ఇత్తడే. అంతే సైజు కొమ్ము ముక్క కన్నా ఇత్తడి ఆరింతలకి పైనే తూగుతుంది. పిన్ కింద వేలు పెట్టా, పిడి దబ్బున కిందికి.

అప్పుడు ఆ ఫోటో మళ్ళీ తీసి జూమ్ చేశా. అందులో పిన్ చుట్టూ ఉన్న వాషర్ తెల్లటిది, కొంచెం బుడిపెలా ఉంది. నా చేతిలోది పచ్చటి ఇత్తడి, చదునుగా ఉంది. గుడ్డ అదే, వేలు అదే, రేజరే వేరు!!

రెండూ పక్కపక్కన పెట్టి పంపితే చాలాసేపు చప్పుడు లేదు, తర్వాత పాఠం మొదలెట్టాడు. షేవ్ చేసేటప్పుడు పట్టుకునేది షాంక్ (బ్లేడ్‌కీ పిన్‌కీ మధ్య ఉండే మెడ) దగ్గరే కదా, స్కేల్స్ పైకి తిప్పేస్తారు కదా, బ్యాలెన్స్ ఎక్కడుంటే ఏంటట. చెంప మీద అయితే నిజమే, పెద్ద తేడా తెలీదు. కానీ దవడ కింద మణికట్టు తిప్పి కిందనుంచి పైకి లాగుతాం చూడండి, ముక్కు కింద రెండు వేళ్ళ సందులో కత్తి తిప్పుతాం చూడండి, అక్కడ ఆ తోక బరువు ఊగుతుంటే దాన్ని ఆపడంలోనే వేళ్ళు సరిపోతాయి, అంచు మీద ఒత్తిడి మన చేతిలో ఉండదు. తెగేది అక్కడే. ఇదంతా ఓపిగ్గా రాసి పంపితే వచ్చిన జవాబు చూడండి: "బరువు కావాలన్నారు, ఇచ్చాం. గ్రాములేమైనా తగ్గాయా?" దాని పక్కన ఒక దండం ఎమోజీ. ఆ దండం చూసే నాకు తిక్క రేగింది, బూతు తిట్టినా ఇంత కోపం వచ్చేది కాదు. వాపస్ తీసుకోమంటే "తోలు మీద వేశారంటే వాడినట్టే" అని ఒక్క ముక్క రాసి బ్లాక్ చేశాడు. అంటే వాడి రేజర్ గుట్టు బయటపడాలంటే వాడాలి, వాడితే వాపస్ లేదు, ఎంత బాగా కట్టుకున్నాడో లెక్క.

సరే, కొనబోయేవాళ్ళు మొత్తం బరువు ఎంతని అడిగి ఊరుకోకండి, అది ఎక్కడుందో తేల్చుకోండి. మొన వైపు నుంచి ఫోటో ఇవ్వనంటే అక్కడే వదిలేయండి. బ్యాలెన్స్‌కి ఫోటో కాదు వీడియో అడగండి, పిన్ కనపడాలి. స్కేల్స్ మార్చారా, లోపల లైనర్ ఉందా అన్నది మెసేజ్‌లో రాయించుకోండి. తేలిక కత్తులు ఇష్టపడేవాళ్ళకీ ఇదే, ఇత్తడి తగిలిస్తే ఫుల్ హాలోలో ఉన్న సుఖమంతా పోతుంది.

బ్లేడ్ మాత్రం మంచిదే, అదింకో ఏడుపు. లైనర్లు పీకేసి సన్న కొమ్ము స్కేల్స్ వేయిస్తే చక్కటి ఫుల్ హాలో అవుతుంది, నాకు అక్కర్లేని ఫుల్ హాలో.